సీటుగారి మౌనవ్రతం

ఈ ఫిర్యాదును ఏ కచేరీలో దాఖలు చేసుకోవాలో ఎంత ఆలోచించినా తేలలేదు. రవాణా శాఖవారు బ్రేకులూ దీపాలూ పొగా చూస్తారు గానీ, సీటు మెత్తగా కదులుతోందన్న నేరం వారి పద్దులో లేదు. కాలుష్య నియంత్రణ మండలివారు మోత చేసేవాటి మీద అర్జీ పుచ్చుకుంటారు. మోత చెయ్యనిదాని మీద పుచ్చుకోరు. వినియోగదారుల కమిషన్ గడప తొక్కుదామంటే అక్కడ వస్తువులో లోపం ఏమిటో రాయాలి. నా గోడల్లా వస్తువులో లోపం లేదనే. అంచేత, దిక్కులేనివాడికి పత్రికే దిక్కని, పాఠక మహాజనుల సమక్షంలో విన్నవించుకుంటున్నాను.

ఫిర్యాది నేను. ఉండేది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రపు గాలి పొద్దువాలేసరికి పెరట్లోకి వచ్చేంత దగ్గర్లో. రిటైరయ్యాను, ఇల్లు కట్టాను, అప్పు తీర్చాను, ఇక జీవితంలో సాధించాల్సింది కంటినిండా నిద్ర ఒక్కటే అనుకున్నవాణ్ణి. ముద్దాయిలు: మద్రాసులో ఉద్యోగం చేసుకుంటున్న మావాడు ఈమధ్య కొన్న కారులో, డ్రైవరు సీటు కింద నల్ల ప్లాస్టిక్ మూతల వెనక దాక్కున్న నాలుగు బుల్లి మోటార్లు. కంపెనీ పేరు చెప్పను. తప్పు కంపెనీది కాదు, లోకానిది.

ఎయిట్ వే పవర్ సీటు అంటారు దీన్ని. ఎనిమిది దిక్కులకూ పోతుందని కాదు. ముందుకూ వెనక్కూ జరగడం ఒక పని, వీపు వాలడం ఒకటి, మొత్తం సీటు లేచి దిగడం ఒకటి, తొడల కింద ముందుభాగం ఎగసి దిగడం ఒకటి. నాలుగు పనులు, ఒక్కోదానికి రెండేసి వైపులు, వెరసి ఎనిమిది. ఒక్కో పనికి ఒక మోటారు. ఒకప్పుడు ఇలాంటి సీటు సినిమావాళ్ల సొత్తు. తడ పక్కన శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజువారి బండ్లు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియావారి కార్లు మన నేలమీదే తయారవుతున్న ఈ రోజుల్లో, మధ్యతరగతి ఇంటి కొడుకు కూడా బొత్తాం నొక్కి జరుగుతున్నాడు. జరగనీండి. నాకు అసూయ లేదు.

కారు కొనేరోజు మావాడు నన్నూ షోరూముకు తీసుకుపోయాడు. నెల్లూరువాళ్లమని తెలిసి అక్కడి కుర్రాడు తెలుగులోనే అందుకున్నాడు. నన్ను డ్రైవరు సీట్లో కూచోబెట్టి, తలుపులు మూసి, ఏసీ ఆపి, బొత్తాం నొక్కమన్నాడు. నొక్కాను. నేను కూచున్నవాణ్ణి కూచున్నట్టే ముందుకు పోయాను.

"వినండి సార్," అన్నాడు.

"ఏమీ వినపడటం లేదే బాబూ."

"అదే సార్ మేం అమ్మేది."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు మనశ్శాంతి పోయింది. ఇంటికొచ్చి మా మోటార్లను ఒక్కొక్కటిగా విచారించాను. వంటింట్లో మిక్సీ. అందులో ఉన్నది బ్రష్షులుండే యూనివర్సల్ మోటారు. వట్టిగా తిప్పితే నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు తిరిగే రకం. కారు సీటు మోటారు కూడా సాధారణంగా బ్రష్షుల మోటారే. వరసకు దాయాదులు. ఒకడికి నోరు లేదు, రెండోవాడికి నోరు తప్ప ఏమీ లేదు. మా ఆవిడ దోసెల్లోకి ఎర్రకారం నూరుతున్నప్పుడు ఫోనొస్తే, అవతలివాళ్లు "బస్టాండులో ఉన్నారా?" అని అడిగి పెట్టేస్తారు.

హాల్లో ఫ్యాను. రెండో నంబరులో పెడితే గాలికంటే రొద ఎక్కువ. ఆ ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను మధ్యలో కోసి ముక్కను మాత్రమే పంపుతుంది. కోసిన అంచులు మోటారులో "హుం" అని బయటికొస్తాయి. దానికి ముందు గోడమీద లావుపాటి నల్ల రెగ్యులేటరు ఉండేది. అది పాపం నోరెత్తేది కాదు. ఫ్యానుకు ఇవ్వకుండా మిగిల్చిన కరెంటును వేడిచేసి గోడకు పోసేది. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు కూడా స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు, బ్రష్షుల్లేని బీఎల్‌డీసీ ఫ్యాన్లు పాతవాటి సగం కరెంటుతోనే చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. మా ఇంట్లో అలాంటిది ఒకటుంది. అది మావాడి గదిలో ఉంది. మావాడు మద్రాసులో ఉంటాడు.

పెరట్లో బోరు మోటారు. నేలలోపల ఉంటుంది కనక మోత వినపడదు గానీ, స్టార్టరు "ఠక్"మన్న క్షణాన ఇంటిల్లిపాది దీపాలూ కళ్లు మూసి తెరుస్తాయి. నేరుగా లైనుకు తగిలించిన మోటారు బయలుదేరేటప్పుడు తన మామూలు తిండికి ఐదారు రెట్లు కరెంటు మింగుతుంది. కారు సీటు మోటారుకు మాత్రం ఈ అవస్థ ఉండకూడదని కరెంటును మెల్లమెల్లగా ఎక్కించి, ఆగేటప్పుడు మెల్లమెల్లగా దించుతారు. కూచున్నవాడు ఉలిక్కిపడకూడదట. పాత సీట్లలో రిలే ఒకటి "టిక్కు"మనేది. దాన్నీ పీకేసి ట్రాన్సిస్టరు పెట్టారు.

ఈ ఘోరం వెనక కిటుకేమిటో తెలుసుకుందామని, ఆ విద్య చదువుకున్న మా మేనల్లుణ్ణి పిలిపించాను. వాడు కారు తలుపు తీసి, సీటు కిందికి సెల్లు లైటు కొట్టి, "చూడు మావా" అంటూ పాఠం మొదలుపెట్టాడు. మోటారు లోపల నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. సీటు మాత్రం సెకనుకు మహా అయితే రెండు సెంటీమీటర్లు జరగాలి. ఈ రెండింటి మధ్యా మరచుట్ల గేరు ఒకటి, పొడుగాటి మరమేకు ఒకటి ఉంటాయి. గేరుకు ఇంకో సుగుణం ఉంది: మోటారు దాన్ని తిప్పగలదు గానీ, అది మోటారును తిప్పలేదు. అందుకే కరెంటు ఆపినా సీటు పెట్టినచోటే ఉంటుంది. పళ్లకు పళ్లు తగలడం, బ్రష్షు రాపిడి, ఆ వణుకు రేకుకు పాకడం, ఇదీ మోత పుట్టుక. మోత పుట్టకుండా పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదు. చెవిని మోసం చెయ్యడం ఒక్కటే మార్గం.

మనిషి చెవికి ఒక దుర్గుణం ఉంది. ఒకే శ్రుతిలో సాగే మోతను కాసేపటికి క్షమిస్తుంది. శ్రుతి మారే మోతను, అది ఎంత సన్నదైనా, క్షమించదు. సీటు మోటారుకు నేరుగా బ్యాటరీ తగిలిస్తే శ్రుతి మారి తీరుతుంది. బక్కపల్చని మా ఆవిడ కూచుని పైకి లేపితే "జుయ్"మని లేస్తుంది. మా బావమరిది కూచుని లేపితే "జూ... ఊ... య్" అని ఆపసోపాలు పడుతూ లేస్తుంది. బరువు పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేగం పడిపోతుంది, వేగంతోపాటు గొంతూ దిగుతుంది. దించేటప్పుడు తిరకాసు: ఆయన బరువే సీటును కిందికి నెడుతుంది కనక మోటారు పరుగందుకుంటుంది, గొంతు పైకి పోతుంది. అంటే అది ఎక్కినవాడి తూకాన్ని కారులోని బంధుమిత్రులందరికీ చాటిచెప్పే సత్యసంధమైన యంత్రం. ఇంజనీర్లు పనిగట్టుకుని ఈ సత్యాన్ని నొక్కిపెట్టారు.

నొక్కిపెట్టే పద్ధతి ఇది. కరెంటును ధారగా వదలరు. సెకనుకు వేలసార్లు వేస్తారు, ఆపుతారు. వేసి ఉంచిన సేపు ఎక్కువైతే మోటారుకు సగటున ఎక్కువ వోల్టేజి అందుతుంది, తక్కువైతే తక్కువ. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అని దాని పేరు. మోటారు ఇరుసుమీద చిన్న అయస్కాంతం, పక్కన హాల్ సెన్సర్ అనే బియ్యపుగింజంత ముక్క. ఇరుసు తిరిగినప్పుడల్లా అది లెక్క చెబుతుంది. ఆ ముక్క ఖర్చు కూడా మిగుల్చుకునే గడుసువాళ్లు, బ్రష్షు ఒక రాగి పలక దాటి ఇంకో పలక మీదికి పోయినప్పుడు కరెంటులో పుట్టే చిన్న అలనే లెక్కబెడతారు. లెక్క ఆలస్యంగా వస్తే కరెంటు పెంచు, తొందరగా వస్తే తగ్గించు. మనం బొత్తాం మీద వేలు తీసేలోపు ఈ తగువు ఎన్నోసార్లు తీరుతుంది. అందువల్ల మా ఆవిడ ఎక్కినా బావమరిది ఎక్కినా సీటుది ఒకే నడక, ఒకే గొంతు. పల్లకీలో కూచున్నది పెళ్లికూతురైనా పెదకాపైనా బోయీలు ఒకే అడుగు వేసినట్టు.

ఇందులో నాకు జరిగిన అన్యాయం ఏమిటంటారా? వేగం పడిపోయినప్పుడు పెంచాలంటే చేతిలో కొంత మిగులుండాలి. అందుకని మోటారును ముందే దాని సత్తాకు తక్కువగా నడుపుతారు. ఇంజను ఆగి ఉంటే బ్యాటరీ 12 వోల్టుల చిల్లర ఇస్తుంది, నడుస్తుంటే 14 దాకా పోతుంది. ఆ తేడా కూడా చెవికి తెలియకూడదు. కాబట్టి, నీరసించిన బ్యాటరీ మీద బావమరిది బరువు పడిన దుర్దినాన సీటు ఎంత వేగం అందుకోగలదో, అన్ని రోజులూ అందరికీ అంతే వేగం. అంటే ఆయన తిన్న చేపల పులుసుకు జరిమానా మేమంతా కడుతున్నాం. ముందు సీటు నిదానంగా, గంభీరంగా జరిగేదాకా వెనక కూచున్న నేను మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఎదురుచూడాలి.

ఇంకో దారుణం వినండి. కరెంటును వేసి ఆపే జోరు మరీ తక్కువైతే మోటారు సన్నగా ఈల వేస్తుందట. కుర్రకారు చెవికి 20 కిలోహెర్ట్జ్ దాకా వినపడుతుంది కనక, వీలైనచోట ఆ జోరును ఆ హద్దు దాటించి పెడతారు. నా చెవి ఆ హద్దును ఎప్పుడో ఒదులుకుంది. అంటే నేను వినే అవకాశమే లేని ఈలనుంచి నన్ను కాపాడటానికి ఎక్కడో ఒక ఇంజనీరు జుట్టు పీక్కున్నాడు. నాకు బ్రహ్మాండంగా వినపడేవాటినుంచి కాపాడటానికి మాత్రం ఎవడూ లేడు. కుక్క చెవి 40 కిలోహెర్ట్జ్ దాటి కూడా వింటుంది. మా వీధి నల్లకుక్క కారు నీడన పడుకుని, లోపల సీటు జరిగినప్పుడల్లా ఒక చెవి నిక్కబొడుస్తుంది. ఈ వ్యాజ్యంలో నాకున్న ఏకైక సాక్షి అదే.

జర్మనీలో ఎబర్‌హార్డ్ జ్వికర్ అనే ఆయన, మోతను డెసిబెల్స్‌లో తూచి ఊరుకుంటే చాలదన్నాడు. అది చెవికి ఎంత పదునుగా తగులుతోంది, ఎంత గరుకుగా ఉంది, ఎంత ఊగుతోంది, ఇవన్నీ కొలిచే శాస్త్రానికి పునాదులు వేసినవాళ్లలో ఆయనొకడు. పదునుకు ఆకమ్ అని కొలత, గరుకుకు యాస్పర్ అని, ఊగులాటకు వాసిల్ అని. రెండు సీటు మోటార్లు కలిసి దాదాపు ఒకే వేగంతో తిరిగితే రెండు గొంతులూ కొట్టుకుని "వువ్ వువ్"మని ఊగే మోత పుడుతుంది. అది రాకుండా కొందరు మోటార్లను ఒకదాని వెనక ఒకటి నడుపుతారు. సీటుమీద ఇన్ని కొలబద్దలు పెట్టిన శాస్త్రం, తెల్లవారుజామున భంగమైన గృహస్థు నిద్రకు ఒక్క కొలతా కనిపెట్టలేదు.

ఇదేమన్నా నిన్నమొన్నటి విద్యా అంటే, కాదు. అమెరికాలో హారీ వార్డ్ లెనార్డ్ అనే ఆయన 1891లోనే మోటారు వేగాన్ని నున్నగా ఎక్కించి దించే పద్ధతి కనిపెట్టాడు. ఒక మోటారును అదుపులో పెట్టడానికి పక్కన ఇంకో మోటారూ, అది తిప్పే జనరేటరూ కావాలి. ఖర్చు తడిసి మోపెడు. అయినా లిఫ్టులకు దశాబ్దాల తరబడి అదే వాడారు. లిఫ్టులో ఎక్కేది డబ్బున్న పెద్దమనుషులు కదా, కుదుపు తగలకూడదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, 1957లో, క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అనే కారు సీటుకు ఏకంగా జ్ఞాపకశక్తి పెట్టి అమ్మారు.

మనవాళ్లు తక్కువ తిన్నారా? తెలుగింట పుట్టి కోయంబత్తూరులో పేరు తెచ్చుకున్న జి.డి.నాయుడు, డి.బాలసుందరం నాయుడితో కలిసి 1937లో తొలి దేశవాళీ విద్యుత్ మోటారు తయారుచేశారు. ఆ ఊరి మోటార్లే దక్షిణాది బావుల్లో నీళ్లు తోడాయి, గ్రైండర్లలో పిండి రుబ్బాయి. నాయుడుగారికి కార్ల పిచ్చి కూడా. ఆయన కుటుంబంవాళ్లు కోయంబత్తూరులో పాతకార్ల మ్యూజియమే పెట్టారు. మోటారు వచ్చింది, కారు వచ్చింది. మోటారు నోరు కట్టే విద్య మాత్రం గ్రైండరు గడప తొక్కకుండా తిన్నగా కారెక్కింది.

జ్ఞాపకశక్తి గల సీటుతో కాపురం ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. మా కారులో ఒకటో నంబరు బొత్తాం మావాడిది, రెండోది కోడలిది. మూడోది లేదు. ఇల్లు నా పేరున ఉంది, కరెంటు బిల్లు నా పేరున వస్తుంది, సీటుకు మాత్రం నేనెవరో తెలియదు. నేను శ్రమపడి నాకు అనువుగా జరుపుకుని కూచున్నాక, మనవడు ఒకటి నొక్కుతాడు. సీటు నన్ను ఎత్తుకుని, చప్పుడు చెయ్యకుండా, మర్యాదగా స్టీరింగుకు అదిమిపెడుతుంది. మోత ఉంటే కనీసం "అరెరే" అనుకునే వ్యవధి దొరికేది. ఈ జ్ఞాపకం కూడా ఇరుసు చుట్ల లెక్కే. కొన్ని కార్లలో బ్యాటరీ ఊడదీసి తగిలిస్తే లెక్క మర్చిపోతుంది. అప్పుడు సీటు ఈ కొసనుంచి ఆ కొసదాకా పోయి గట్టుకు తగిలి, తానెక్కడున్నదీ మళ్లీ నేర్చుకోవాలి.

ఇక మైపాడు ఇసక. సెలవులకు పిల్లలొస్తే సముద్రానికి పోకుండా ఉంటారా? అలల్లో ఆడి, తడిబట్టలతో, పిక్కలదాకా ఇసకతో కారెక్కుతారు. ఆ ఇసక సీటు పట్టాల్లోకీ, మరమేకు గ్రీజులోకీ దిగుతుంది. పైన ఉప్పుగాలి ఉండనే ఉంది. మామూలు సీటైతే మొదటి వారంలోనే "కర్... కర్" అని ఏడ్చి చెప్పేది. ఈ సీటు చెప్పలేదు. రాపిడి పెరిగేకొద్దీ లోపల చుట్ల లెక్క చూసే పెట్టె కరెంటు పెంచుకుంటూ పోయి, గొంతు మారకుండా నెట్టుకొచ్చింది. చివరికి ఒకరోజు మధ్యలో ఆగిపోయింది. మోటారు అంత కష్టపడుతోందంటే మధ్యలో ఏదో ఇరుక్కుందేమోనని దానికి అనుమానం వచ్చి నిలబడిపోయిందట.

మెకానిక్కు పట్టాల సందులోంచి చిటికెడు ఇసక తీసి నా అరచేతిలో పోశాడు. గ్రీజుతో కలిసి నల్లబడి ఉంది, ఒకటీ అరా గవ్వముక్కతో సహా.

"ఇంతదాకా ఏం చేస్తా ఉండారు సామీ?"

"అది ఏమీ అనలేదబ్బా."

"అనదు సామీ. అనకుండా ఉండేదానికే గదా లక్షలు పోసి కొనేది."

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికొస్తాను. మా ప్రహరీగోడ వెనకనుంచి రొయ్యల గుంటలు. పైన చెప్పిన బావమరిదివే. ఈ తీరంలో టైగరు రొయ్య వెలిగిన రోజులూ, తెల్లమచ్చల రోగంతో 1990లలో గుంటలు ఎండిన రోజులూ చూసినవాడు. 2009లో వనామీ రొయ్యకు అనుమతులొచ్చాక మళ్లీ లేచి నిలబడ్డాడు. వనామీని గుంటలో కిక్కిరిసేలా పెంచుతారు. దానికి గాలి కావాలి. పగలు ఎండలో నీటిలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి ఆ నాచు కూడా రొయ్యతో కలిసి గాలి పీల్చేదే. తెల్లవారబోయే ముందు నీటిలో ప్రాణవాయువు అట్టడుగుకు పోతుంది. కాబట్టి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు గట్టిగా తిరగాల్సిన వేళా, నేను గట్టిగా నిద్రపోవాల్సిన వేళా ఒకటే. ఒక్కోదానిమీద నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారు. గేరుబాక్సు దాన్ని వంద చిల్లరకు దించితే, రెక్కల చక్రాలు నీళ్లను చెంపదెబ్బలు కొడుతుంటాయి. కరెంటు పోతే గట్టుమీద మూతలేని పాత డీజిల్ జనరేటరు అందుకుంటుంది. అది మా పడగ్గది కిటికీకి ఎదురుగా ఉంది.

త్రీ ఫేజు మోటారు వేగం మార్చాలంటే కరెంటు అలల సంఖ్యే మార్చాలి. సెకనుకు 50 అలలను తగ్గించి ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టెలు బజార్లో ఉన్నాయి. నీటిలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచి, అవసరమైనంత వేగంతోనే తిప్పే ఏర్పాట్లూ ఉన్నాయి. సీటు కింద జరిగే పనే ఇదీ: కొలవడం, దిద్దడం. సీటుకు ప్రమాదం ఏమీ లేకపోయినా పెట్టారు. ఇక్కడ రొయ్య ప్రాణం, రైతు అప్పు, నా నిద్ర మూడూ ఉన్నా అందరూ పెట్టలేదు.

ఈ సంగతే ఒక సాయంత్రం బావమరిదితో ఎత్తాను. మావాడి కారులోనే. ముందు సీట్లో కూచుని, బొత్తాం నొక్కుకుంటూ ముందుకూ వెనక్కూ పోతున్నాడు.

"ఎంత హాయిగా ఉండాది బావా! చీమ చిటుక్కుమన్నా వినపడదు," అన్నాడు.

అదే సమయానికి కరెంటు పోయి, గట్టుమీద జనరేటరు అందుకుంది. ఆయన కిటికీ అద్దం ఎక్కించాడు. ఆ అద్దం మోటారూ చప్పుడు చెయ్యలేదు.

"ఆ మోతను కాస్త తగ్గించే మార్గం చూడబ్బా," అన్నాను.

"తగ్గిస్తే నేను చస్తా బావా. మోత ఉన్నంతసేపూ నేను గుర్రు పెట్టి నిద్రపోతా. మోత ఆగిందా, ఎక్కడున్నా మెలకువొస్తది, పరిగెత్తాల. తెల్లారుజామున ఆగి కాసేపు చూసుకోకపోతే రొయ్య తేలతది."

నిజం చెప్పాలంటే ఆయన మాట కొట్టెయ్యదగింది కాదు. మోటారు మోత ఆయనకు కాపలా మనిషి. మా సీటుకు ఆ కాపలా లేకే ఇసక పట్టాలు తినేసింది. కానీ ఆ కాపలావాడి జీతం ఎవరిస్తున్నారు? రొయ్య ఆయనది, రాబడి ఆయనది, గుర్రు ఆయనది. మెలకువ నాది.

అప్పుడు నాకు షోరూము కుర్రాడి మాట పూర్తిగా బోధపడింది. మౌనం కూడా సరుకే. దాన్ని ఏ చెవి డబ్బిస్తుందో ఆ చెవికే అమ్ముతారు. సీటులో కూచునేవాడే సీటు కొనేవాడు. కొనేముందు తలుపులు మూసి వినేవాడు కూడా వాడే. కాబట్టి క్షణాలపాటు కదిలే మోటారుకు సెన్సర్లూ, లెక్కలూ, పల్లకీ నడకా. మిక్సీ కొనేటప్పుడు అది ఎన్ని వాట్లో అడుగుతాం గానీ ఎంత అరుస్తుందో అడగం. పైగా అరిస్తేనే పవరుందని నమ్ముతాం. జనరేటరు కొనేవాడైతే కొట్లో దాని మోత ఒకపూట వింటాడు, ఆ తర్వాత జీవితాంతం వినేది పక్కింటివాడు. పక్కింటివాడు బేరంలో లేడు.

చట్టం లేదా అంటే ఉంది. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. కొత్తగా తయారై వచ్చే డీజిల్ జనరేటర్లకు మూతతో సహా మీటరు దూరంలో 75 దాటకూడదని ఆ తర్వాత హద్దు గీశారు. కారు సీటు మోత ఇంతకు మించరాదని ఏ చట్టంలోనూ నేను చూడలేదు. చట్టం ఉన్నది గట్టుమీద అరుస్తోంది, చట్టం లేనిది కారులో మౌనవ్రతం పట్టింది. దీన్నిబట్టి కోర్టులకన్నా షోరూములే గట్టివని తేలుతోంది.

కావున పాఠక మహాజనులకు ఫిర్యాది ప్రార్థించేది ఏమనగా:

మిక్సీలను కొట్లో వట్టిగా తిప్పి అమ్మరాదు. ఎండుమిరపకాయలు వేసి, కొనేవాడి చేతికి ఫోనిచ్చి, అవతల వియ్యంకుణ్ణి మాట్లాడనిచ్చి, అప్పుడు తిప్పాలి.

కారు సీటుకు మౌనం ఉండనీండి గానీ, ఇసక పట్టినప్పుడూ, ఇరుసు అరిగినప్పుడూ అది ఒక్కసారైనా దగ్గేలా ఏర్పాటు చెయ్యాలి. బావమరుదుల తూకం విషయంలో మాత్రం పూర్తి సత్యం పలికే బొత్తాం ఒకటి, మూడో నంబరు కింద, ఇంటి యజమానికి ప్రత్యేకంగా పెట్టాలి.

గ్రైండరుకూ, ఫ్యానుకూ, బోరుకూ, ఏరియేటరుకూ సీటుకు పెట్టిన శ్రద్ధలో పావలా వంతు పెట్టాలి. అంతకంటే ఎక్కువ అడగను. అలవాటు లేని సుఖం ఒంటికి పడదు.

చివరిదీ ముఖ్యమైనదీ: జనరేటరు కొనేరోజున కొనేవాణ్ణి ఇంట్లో కూచోబెట్టి, వాడి పక్కింటివాణ్ణి కొట్టుకు పిలిపించాలి. అతగాడు మంచం వేసుకుని పడుకుని, విని, సరేనని సంతకం పెట్టాకే బిల్లు రాయాలి.

ఈ ఆఖరి షరతును బావమరిదికి చదివి వినిపించాను.

"అట్టయితే నువ్వు ఈ జన్మలో సంతకం పెట్టవు గదా బావా," అన్నాడు.

పెట్టను.